బండి ఊరిబయట ఏల నిలుచును?

తాడేపల్లిగూడెములో ఎక్కి బెజవాడ వైపు పోవు ప్రయాణికుడు, భీమడోలును దెందులూరును దాటి, ఏలూరు పొలిమేరలోని పవరుపేట స్టేషను సమీపించుచుండగా సామాను సర్దుకొని తలుపు చేరువకు వచ్చి నిలుచుండును. అంతలో బండి వేగము తగ్గించుకొని, ఊరు కనుచూపు మేరలో ఉన్నదనిపించు చోట, ఇటు పొలమునకును అటు ఊరికిని చెందని తావున నిలిచిపోవును. "ఔటరులో ఆపినాడు" అని ఒకరు నిట్టూర్తురు. "ప్లాట్‌ఫారము ఖాళీగానే ఉన్నదే, రానిచ్చిన నేమి?" అని మరియొకరు అడుగుదురు. పది నిమిషములైన పిదప ఏ కారణమును కనబడకుండగనే బండి కదలును.

ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. దీనికి సరియైన సమాధానము చెప్పబూనినచో, ఈ మార్గమునకు గల నూట ముప్పది యేండ్ల చరిత్రయు, బరువైన వస్తువు నిలుచుటకు వలయు దూరమును, మేడమీది సిగ్నలు క్యాబినులో వరుసగా నిలిచిన లీవర్లకును నేలమీది పట్టాలకును గల సంబంధమును కొంచెము కొంచెముగా తెలిసికొనవలసి యుండును.

నీటిదారి, ఇనుపదారి

ఈ సీమకు రైలు రాకముందే ఒక రాజమార్గము కలదు, అది నీటిమార్గము. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన తరువాత, కృష్ణ నుండి వచ్చు ఏలూరు కాలువయు, గోదావరి నుండి వచ్చు ఏలూరు కాలువయు ఈ పట్టణముననే కలిసికొనుటచేత, కాకినాడలో పడవ యెక్కినవాడు ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాము కాలువల గుండా మద్రాసు వరకు నీటిమీదనే పోగలిగెను. ఆనకట్టల నిర్మాత సర్ ఆర్థరు కాటను, మన దేశమునకు రైళ్ళకంటె పడవకాలువలే మేలని జీవితాంతము వాదించిన మహాశయుడు. ధాన్యమును చౌకగా తరలించుట యొక్కటే ప్రయోజనమని తలచినచో ఆయన వాదము త్రోసిపుచ్చరానిది.

అయినను రైలు వచ్చెను. నైజాము రైల్వే 1889లో బెజవాడను చేరియుండెను. 1893 మొదలు 1896 వరకు ఈస్టుకోస్టు స్టేటు రైల్వేవారు బెజవాడ నుండి కటకము వైపు సాగు మార్గమును నిర్మించి తెరచిరి. గోదావరిమీది హావెలాకు వంతెన ఆ శతాబ్ది ముగియుచున్న కాలమునాటిది. 1899లో బెజవాడకును మద్రాసునకును నడుమ అతుకు ఏర్పడెను. పిదప ఈ దారి చేతులు మారుచు వచ్చినది: 1901లో మద్రాసు రైల్వే, 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణము కాగా, ఈ స్టేషనులో దిగు కచేరీపనుల జనము పెరిగెను. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారుకు పేరుపొందెను.

పటము ముందుంచుకొని చూచినచో ఈ మార్గము ఒక విషయమును స్పష్టముగా చూపును. ఏలూరు, భీమడోలు, పుల్ల, చేబ్రోలు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెము అను ఊళ్ళన్నియు మెట్టసీమ డెల్టాలోనికి దిగు అంచున వరుసగా ఉన్నవి. రైలుకట్ట ఆ అంచునే పట్టుకొని, కొల్లేటికి ఉత్తరముగా సాగినది. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏళ్ళనీరు దానిలో చేరును. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తుగీత లోపలి భాగము, 308 చదరపు కిలోమీటర్లు, 1999 నుండి పక్షుల అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ తడినేలల పట్టికలో చేరినది. వానలు ముదిరిన యేట ఈ పల్లము తన గీతలను తాను దాటి విస్తరించును. అట్టి నీటికి ఎడముగా ఉండుట రైలుకు క్షేమము. కాని ఉత్తరము నుండి దక్షిణమునకు దిగు ఏళ్ళను, తూర్పుపడమరలుగా పోవు కట్ట అడ్డగించును గదా. అందువలన తమ్మిలేటివంటి ఏళ్ళమీద వంతెనలును, చిన్న వాగులకు తూములును విడువవలసి వచ్చినది. కొల్లేటికి దక్షిణముగా గుడివాడ నుండి కైకలూరు, ఆకివీడుల మీదుగా భీమవరమునకు పోవు రెండవ మార్గము 1928లో మీటరుగేజిగా తెరువబడెను.

డెల్టా అంచున నేల సమముగా ఉండును. పెద్ద యెత్తులు లేవు. పట్టాలు చాలదూరము తిన్నగా పోవును. ఇట్టి చోట బండ్లు వేగమందుకొనును. మన ప్రశ్నకు మూలము ఈ వేగముననే కలదు.

ఇనుముమీద ఇనుము

ఇనుపచక్రము ఇనుపపట్టామీద దొర్లునప్పుడు ఒరపిడి అత్యల్పము. ఒక్క ఇంజను కొన్ని వేల టన్నుల బొగ్గును ఈడ్చుకొనిపోగలుగుట ఈ గుణమువలననే. అయితే నిలుపవలసి వచ్చినప్పుడు చక్రమునకు పట్టు దొరకవలసినదియు ఆ నున్నని పట్టామీదనే. బ్రేకును మితిమీరి బిగించినచో చక్రము తిరుగుట మాని జారుట మొదలిడును. అప్పుడు బండి నిలుచు దూరము తగ్గుటకు మారుగా పెరుగును.

గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక సెకనులో ఇంచుమించు 28 మీటర్లు పోవును. బ్రేకు పడిన పిదప దాని వేగము సెకనుకు 0.4 మీటర్ల వంతున తగ్గునని కొందము. పూర్తిగా నిలుచుటకు నిమిషమునకు మించి కాలము పట్టును. ఆ కాలములో బండి ఇంచుమించు ఒక కిలోమీటరు ముందునకు వచ్చియుండును. వేగము రెట్టింపైనచో ఈ దూరము నాలుగింతలగును. ఈ మార్గమున నేడు కొన్ని బండ్లు గంటకు 130 కిలోమీటర్ల వేగమునకును అనుమతి పొందియున్నవి.

రాత్రివేళ ఇంజను దీపము చూపగలది కొన్ని వందల మీటర్ల మేర మాత్రమే. కాబట్టి ముందున్న బండిని చూచి ఆపుదమనుకొన్న డ్రైవరు, చూచుసరికే ఆలస్యము చేసినవాడగును. రోడ్డుమీది బండివానికి కన్ను చాలును. రైలుబండి నడుపువానికి, కంటికందని దూరమున ఏమున్నదో తెలిసిన మరియొకరు ముందుగానే చెప్పవలెను. ఆ చెప్పుటకు ఏర్పడినదే సిగ్నలు. అందుచేతనే నిలుపు సిగ్నలుకు ముందు, ఒక కిలోమీటరుకు తక్కువ కాని దూరమున, ముందు ఏమి రానున్నదో తెలుపు డిస్టెంటు సిగ్నలును నిలుపుదురు.

ఖండమునకు ఒక్క బండి

తొలినాళ్ళలో బండ్లను గడియారమును బట్టి పంపెడివారు. ఒక బండి వెళ్ళిన పిదప ఇన్ని నిమిషములాగి రెండవదానిని విడుచుట వాడుక. మొదటి బండి దారిలో ఆగిపోయినచో ఈ లెక్క యంతయు తప్పును. ఐర్లండులోని ఆర్మా పట్టణము దగ్గర 1889 జూన్ 12న ఇట్టిదే జరిగెను. పిల్లలతో నిండిన విహారపుబండి ఎత్తు ఎక్కలేక నిలిచిపోగా, దానిని రెండుగా విడదీసి ముందు సగమును కొనిపోవ యత్నించిరి. వెనుక పెట్టెలు తిరిగి పల్లమునకు జారి, నియమిత నిమిషములు గడచినవని విడిచిన రెండవ బండిని తాకెను; 80 మంది మరణించిరి. ఆ యేడాదియే బ్రిటిషు పార్లమెంటు, ప్రయాణికుల బండ్లు పోవు మార్గములన్నిటికిని మూడు ఏర్పాట్లను నిర్బంధము చేసెను: కాలమును బట్టి గాక స్థలమును బట్టి బండ్లను ఎడముగా ఉంచుట, సిగ్నళ్ళను పట్టాలతో ముడివేయుట, బండి పొడవునను పనిచేయు బ్రేకులు. ఏలూరు మార్గపు నిర్మాణము ఆరంభమైనది దీనికి నాలుగేండ్ల తరువాతనే.

స్థలమును బట్టి ఎడము చేయుట యనగా మార్గమును ఖండములుగా విభజించి, ఒక ఖండములో ఒక సమయమున ఒకే బండిని ఉండనిచ్చుట. రైల్వేవారు ఈ ఖండమును బ్లాక్ సెక్షను అందురు. బండిని పంపదలచిన స్టేషనువాడు తన యిష్టమున పంపరాదు. అవతలి స్టేషనువాని అనుమతి పొందవలెను. ఆ అనుమతియే మన జనమందరు ఎరిగిన 'లైన్ క్లియర్'. రెండు స్టేషన్ల నడుమ తీగతో కలుపబడిన యంత్రములును, వానికి గంటలును ఉండును. ఒక దెబ్బ పిలుపు. రెండు దెబ్బలు లైను ఖాళీయా యను ప్రశ్న. మూడు దెబ్బలు బండి ఖండములో ప్రవేశించుచున్నదని. నాలుగు దెబ్బలు బండి ఖండము విడిచినదని. ఆరు దెబ్బలు ప్రమాదమని. అవతలివాడు తన యంత్రమును లైన్ క్లియర్ స్థితికి త్రిప్పినగాని, ఇవతలివాని చివరి సిగ్నలు వాలదు.

ఒంటిదారిలో ఎదురెదురుగా బండ్లు రాగలవు కావున మరింత జాగ్రత్త వలయును. అక్కడ నీలు అను ఇంజనీరు పేరుతో వెలసిన యంత్రము నుండి ఒక ఇనుపబంతి వెలికి వచ్చును. ఆ బంతి చేతిలో ఉన్న డ్రైవరు మాత్రమే ఖండములో ప్రవేశింపవచ్చును. ఒక బంతి బయట ఉన్నంతవరకు రెండు స్టేషన్లలోని యంత్రములలో దేనినుండియు రెండవ బంతి రాదు. పెద్ద వలయమునకు కట్టిన సంచిలో ఆ బంతినుంచి, కదలుచున్న ఇంజనునకు అందించు పోర్టరు నేర్పును చూచినవారు దానిని మరువలేరు.

బండి ఖండమును విడిచినదని అవతలివాడు ఎట్లు నిశ్చయించును? ఇంజను వచ్చినంత మాత్రమున చాలదు. నడుమ లింకు తెగి నాలుగు పెట్టెలు దారిలో నిలిచియుండవచ్చును. అందువలన కడపటి పెట్టె వెనుక ఎర్రదీపమును, 'ఎల్.వి.' అను రెండు అక్షరముల పలకయు ఉంచుదురు. ఇది చివరి పెట్టె యని వాని యర్థము. క్యాబిను మేడగా కట్టబడుటకు ఒక ముఖ్యకారణము ఇదియే. ప్రక్క పట్టామీద గూడ్సు నిలిచియున్నను, దాని తలమీదుగా పోవుబండి తోకను చూడగలుగు ఎత్తు అక్కడి మనిషికి అవసరము. ఆ పలక కనబడనిదే అతడు నాలుగు దెబ్బలు కొట్టరాదు.

ఇక మన ప్రశ్నకు సగము సమాధానము లభించినది. లైన్ క్లియర్ ఇచ్చువాడు తన మొదటి నిలుపు సిగ్నలు (జనులు ఔటరు అనునది) వరకు దారి ఖాళీగా ఉన్నంత మాత్రమున తృప్తిపడరాదు. డ్రైవరు పొరపాటుగా కొంచెము ముందునకు వచ్చినను ముప్పు లేకుండుటకై, ఆ సిగ్నలు దాటిన పిమ్మట మరికొంత మేర ఖాళీగా ఉండవలెను: పాత రెక్కసిగ్నళ్ళ పద్ధతిలో 400 మీటర్లు, నేటి రంగుదీపముల పద్ధతిలో 180 మీటర్లు. ఊరిబయట నిలిచిన బండికి ముందున్న ఖాళీ వృథాస్థలము కాదు. అది కొలిచి విడిచిన స్థలము. మిగిలిన సగము సమాధానము క్యాబిను లోపల నున్నది.

లాకు తలుపులు, క్యాబిను లీవర్లు

ఏలూరు కాలువమీది లాకులు చూచినవారికి క్యాబిను రహస్యము సులభముగా బోధపడును. ఎగువనీటికిని దిగువనీటికిని మట్టము వేరు. పడవ ఎగువనుండి దిగువకు పోవలెనన్నచో నడుమనున్న లాకుగదిలో నిలుచును. గదికి ఎగువ ఒక జత తలుపులు, దిగువ ఒక జత తలుపులు. ఈ తలుపులు ఎగువవైపునకు ముక్కుచాచినట్లు కోణముగా కలియును. కాబట్టి ఎగువనీటి ఒత్తిడియే వానిని మూసి పట్టుకొనును. రెండు మీటర్ల మట్టపు తేడా ఉన్నప్పుడు మూడు మీటర్ల వెడల్పుగల ఒక్క తలుపుమీద పడు ఒత్తిడి ఆరు టన్నులకు తక్కువ కాదు. లాకులు నడుపు లస్కరు ఎంత బలశాలియైనను దానిని తెరువలేడు. అతడు చిన్న తూముపలకను ఎత్తి నీరు వదలి, రెండువైపుల మట్టములు సమమగునంతవరకు వేచియుండవలెను. సమమైన పిదప ఆ తలుపే తేలికగా తెరచుకొనును. రెండు జతల తలుపులను ఒక్కసారి తెరచి కాలువనంతయు దిగువకు వదలుట అతడు కోరినను సాధ్యము కాదు. ఒక జత తెరచియున్నంతసేపు రెండవ జతను నీరు మూసిపట్టియుండును. పడవవాడు ఎంత తొందరపెట్టినను, లస్కరు ఎంత ఏమరినను, క్రమము తప్పించుటకు నీరు ఒప్పుకొనదు.

క్యాబినులో నీటి పనిని ఇనుము చేయును. మేడమీద వరుసగా లీవర్లు నిలిచియుండును. నిలుపు సిగ్నళ్ళవి ఎరుపు, పాయింట్లవి నలుపు, పాయింట్లను కదలకుండ బిగించు తాళములవి నీలము, వాడుకలో లేనివి తెలుపు. పాయింట్లనగా బండిని ఒక దారినుండి మరియొక దారికి మరల్చు కదలుపట్టాలు. లీవర్ల క్రింద, నేలపలకల అడుగున, గాట్లు కోసిన ఇనుపబద్దలు లీవరుకు ఒక్కటి చొప్పున ముందువెనుకలకు జరుగును. వానికి అడ్డముగా పోవు చిన్న ఇనుపముక్కలు ఆ గాట్లలో దిగును, లేచును. మెయిన్ లైను సిగ్నలు లీవరు లాగవలెనన్నచో, దాని బద్దలోని గాటు ఖాళీగా ఉండవలెను. అది ఖాళీయగుటకు పాయింట్ల లీవరు సరియైన స్థితికి వచ్చి, నీలపు లీవరు తాళము వేసియుండవలెను. ఒకసారి సిగ్నలు ఇచ్చిన పిమ్మట, ఆ పాయింట్ల లీవరును లాగబోయినచో అది కదలనే కదలదు. లూపులైనునుండి, అనగా మెయిన్ లైను ప్రక్కగా చీలి మరల దానిలో కలియు దారినుండి, బయలుదేరు బండికి సిగ్నలిచ్చినచో, దానికి అడ్డుపడు మార్గపు సిగ్నలు లీవరు ఇనుపకట్టుబాటులో పడును. ఈ ఏర్పాటును పరస్పరబంధము అందము; రైల్వేవారి మాటలో ఇంటర్‌లాకింగ్. ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ 1856లో దీనికి పేటెంటు పొందెను.

ఇది ఎంత గొప్ప యోచనయో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఒక్కొక్క లీవరు రెండు స్థితులలో ఉండగలదు. ఇరువది లీవర్లున్న చిన్న క్యాబినులో, అవి అన్నియు కలిసి ఏర్పడగల అమరికలు 10,48,576. వీనిలో ప్రమాదరహితమైనవి అత్యల్పసంఖ్యాకములు. పదిలక్షల తప్పుదారులలో అడుగిడకుండ రాత్రింబవళ్ళు పనిచేయుమని నిద్రమబ్బులో నున్న మానవుని ఆజ్ఞాపించుట కంటె, ఆ తప్పులు చేయుటకే వీలులేకుండ ఇనుమును గాట్లుకోయుట ఎంత దయగల పని! యంత్రనిర్మాణములో మానవుని బలహీనతను ముందుగానే అంగీకరించి, అతనిని నిందింపక కాపాడిన తొలి ఏర్పాట్లలో ఇది యొకటి యని నా విశ్వాసము.

ఇప్పుడు మిగిలిన సగము సమాధానము. ప్రయాణికుని కంటికి ప్లాట్‌ఫారము ఖాళీగా కనబడవచ్చును. కాని ఆ ముందు ఒక గూడ్సు లూపులైనునుండి బయలుదేరుటకు పాయింట్లు తిరిగి యుండవచ్చును. ఆ గూడ్సు చివరి పెట్టె పాయింట్లను దాటినగాని తాళము విడదు. తాళము విడినగాని మన బండికి దారి అమరదు. దారి అమరినగాని సిగ్నలు రాదు. ఈ వరుసలో ఏ మెట్టును దాటవేయుటకు స్టేషను మాస్టరుకు అధికారము చాలదు.

రోహిణికార్తెలో సిగ్నలు తీగ

లీవరుకును సిగ్నలు రెక్కకును నడుమ ఒక ఉక్కుతీగ, చిన్న కప్పీలమీదుగా, పట్టాల ప్రక్కన వందలకొలది మీటర్లు పోవును. ఒక కిలోమీటరు ఉక్కుతీగ ఒక్క డిగ్రీ వేడికి 12 మిల్లీమీటర్లు సాగును. రోళ్ళు పగులు రోహిణికార్తెలో, తెల్లవారుజామునకును మిట్టమధ్యాహ్నమునకును తీగ వేడిలో 20 డిగ్రీల తేడా వచ్చినదనుకొందము; 800 మీటర్ల తీగ 19 సెంటీమీటర్లకు పైగా సాగును. ఇది ఇంచుమించు జానెడు. లీవరు లాగినప్పుడు తీగ కదలవలసిన దూరము కూడ ఆ ప్రమాణములోనిదే. ఉదయము చక్కగా వాలిన రెక్క మధ్యాహ్నము సగమే వాలి, డ్రైవరును సందేహములో పడవేయును. ఏలూరు ఎండ ఎట్టిదో అనుభవించినవారికి దీని తీవ్రత వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు రాత్రి వచ్చును. పగలు బిగించిన తీగ చల్లదనమునకు కుదించుకొని, ఎవరును లీవరు ముట్టకుండగనే రెక్కను కొంచెము లాగవచ్చును. ఇది మొదటిదానికంటె అపాయకరము. కాబట్టి తీగపొడవును సవరించు మర యొకటి క్యాబినులోనే ఉండును. అక్కడివారు దినములో పలుమారులు దానిని త్రిప్పి తీగబిగువును సరిచూచుకొందురు. రెండు తీగల పద్ధతిలో బరువులు వ్రేలాడదీసి, తీగ సాగినంత బరువు క్రిందికి దిగునట్లు చేయుట మరియొక ఉపాయము. పాయింట్లను కదల్చు కడ్డీలకు వేరు యుక్తి పన్నిరి: దారి నడుమ ఒక వంకర మీటను అమర్చి, ముందు సగము కదలిక దిశను వెనుక సగములో తిప్పివేసినచో, ఒక సగము సాగుదల రెండవ సగము సాగుదలను రద్దుచేయును.

తీగ తెగిపోయినచో? రెక్కయొక్క బరువు ఎట్లు అమర్చబడినదనగా, తీగలాగుడు లేనప్పుడు అది తానే పైకి లేచి, అడ్డముగా నిలిచి 'ఆగుము' అనును. చెడిపోయిన యంత్రము బండిని ఆపవలెనే గాని పోనీయరాదను నియమము ఇక్కడ ఇనుపదిమ్మ రూపమున నున్నది.

రాత్రి దీపము విషయమునను ఈ నియమమునే పాటించిరి. పూర్వము తెల్లదీపము 'పొమ్ము' అను గుర్తు. ఎర్రగాజు పగిలినచో కిరసనాయిలు దీపపు తెలుపు బయటపడి, ఆపవలసిన బండిని పొమ్మని పిలిచెడిది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములో బ్రిటనులో తెలుపును విడిచి ఆకుపచ్చను స్వీకరించుటకు ఇది ముఖ్యహేతువు. కిరసనాయిలు మంట పసుపుపచ్చనిది కావున, దాని ముందు ఉంచిన గాజు నీలిపచ్చగా ఉండెడిది. రెండును కలిసి డ్రైవరు కంటికి ఆకుపచ్చ యయ్యెడిది.

ఎరుపు మంచును చీల్చుకొని వచ్చునని పలువురు చెప్పుచుందురు. ధూళిలో, తేలిక పొగలో ఇది కొంతవరకు సత్యమే; సూక్ష్మకణములు నీలికాంతిని ఎక్కువగాను ఎర్రకాంతిని తక్కువగాను చెదరగొట్టును. కాని శీతకాలపు వేకువన కొల్లేటి పల్లమున కమ్మునట్టి దట్టపు మంచులోని నీటిబిందువులు ఎర్రకాంతి తరంగముకంటె పదిరెట్లకు మించి పెద్దవి. వానికి రంగుల భేదము లేదు, అన్నిటిని సమానముగా మ్రింగివేయును. అందుచేత మంచులో రైల్వేవారు కంటిని విడిచి చెవిని ఆశ్రయించిరి. సిగ్నలుకు 270 మీటర్లకు తక్కువ కాని దూరమున, పట్టామీద పేలుడుబిళ్ళలు రెండు పది మీటర్ల ఎడముతో అమర్చుదురు. చక్రము వానిపై ఎక్కగానే అవి పేలి, సిగ్నలు సమీపించుచున్నదని డ్రైవరుకు తెలుపును.

మేడ దిగిన క్యాబిను

1990లలో ఈ మార్గమున విద్యుత్ ఇంజన్లు వచ్చెను. పైతీగలును స్తంభములును రెక్కసిగ్నళ్ళను కనబడనీయవు, రంగుదీపములు తప్పనిసరియయ్యెను. అవి వచ్చినచోట పొడవైన తీగ లేదు. మీటను నొక్కినచో మోటారు పాయింట్లను త్రిప్పును. కావున స్టేషను రెండు కొసలనుండిన రెండు క్యాబిను మేడలు అనవసరమయ్యెను. స్టేషను మాస్టరు గదిలోని బల్లమీద, పిదప కంప్యూటరు తెరమీద, పట్టాల పటము వెలుగుగీతలుగా నిలిచెను.

మేడమీది మనిషి కన్ను చేసిన పనిని నేడు రెండు ఏర్పాట్లు చేయుచున్నవి. మొదటిది 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన పట్టావలయము, ట్రాక్ సర్క్యూట్. రెండు పట్టాలలో కొద్దిపాటి విద్యుత్తును ప్రవహింపజేసి, ఆ కొస ఒక అయస్కాంతపు మీటను పట్టియుంచుదురు. బండి వచ్చినచో చక్రముల ఇరుసు రెండు పట్టాలను కలిపివేయుటచే విద్యుత్తు ఆ మీటను చేరదు; మీట పడిపోవును; సిగ్నలు ఎర్రబారును. తీగ తెగినను, పట్టా విరిగినను సాధారణముగా ఇదే ఫలితము. డెల్టావానలలో కంకర తడిసి బురదపట్టినచో విద్యుత్తు నేలలోనికి కారి, బండి లేకున్నను ఎరుపు వచ్చును. వానకాలమున బండి కారణము లేకుండ ఆగినదని తోచిన కొన్ని సందర్భములకు హేతువిది. రెండవ ఏర్పాటు ఇరుసుల లెక్క: ఖండములో ప్రవేశించిన ఇరుసులెన్ని, బయటకు వచ్చినవెన్ని యని లెక్కించి, రెండును సమానమైనప్పుడే ఖాళీయని ఒప్పుకొను యంత్రము.

దక్షిణమధ్య రైల్వే పట్టాలమీదనే 2016 నుండి ప్రయాణికుల బండ్లతో పరీక్షింపబడిన కవచ్ అను ఏర్పాటు, డ్రైవరు ఎర్రదీపమును దాటబోయినచో తానే బ్రేకు వేయును. 2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల నడుమ, రైల్వే మంత్రి ఇంజనులో ఉండగా, ఎదురుగా ఇంజను నిలిపి దీనిని పరీక్షించిరి. బండి తానై నిలిచెను. అయితే కవచ్ సిగ్నలు చెప్పినదానిని నమ్మి పనిచేయునది. సిగ్నలుకును పట్టాలకును గల ముడి తప్పినచో అది చేయగలది స్వల్పము.

ఆ ముడి తప్పుట ఈ హౌరా మద్రాసు మార్గముననే జరిగినది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజారు స్టేషనులో, మద్రాసు వైపు వచ్చుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సుకు మెయిన్ లైను ఆకుపచ్చ కనబడెను; పాయింట్లు మాత్రము లూపులైను వైపు తిరిగియుండెను. బండి పూర్తివేగముతో నిలిచియున్న గూడ్సును తాకెను. 290 మందికి మించి ప్రాణములు కోల్పోయిరి. వెనుకటి కాలమున సిగ్నలు తీగల కలయికలో జరిగిన మార్పులోని లోపమును, గేటు అడ్డుకఱ్ఱను మార్చు పనిలో జరిగిన లోపమును దీనికి హేతువులని రైల్వే భద్రతా విచారణ తేల్చెను. ఏలూరు మీదుగా నిత్యము పోవు బండి అది. గోదావరిజిల్లాలవారు, కృష్ణాజిల్లావారు ఎందరో ఎక్కి దిగునది. అందుచేత ఈ సంగతి మనకు దూరపు వార్త కాదు.

గాట్లుకోసిన ఇనుపబద్దను అధికారి వంగి చూచి, చేత తడిమి, అరిగినదో లేదో తెలిసికొనగలడు. పెట్టెలోని వేలకొలది తీగలలో ఒకటి చోటు మారినచో చూపునకు భేదము తోపదు. కావున సిగ్నలు తీగలను ముట్టుకొనదలచినవాడు ముందుగా స్టేషను మాస్టరుకు కాగితము వ్రాసి, ఆ సిగ్నలును వాడుకనుండి తొలగింపజేయవలెను. పని ముగిసిన తరువాత ఒకడు తెరయెదుటను, మరియొకడు ఫోను పట్టుకొని పాయింట్ల దగ్గరను నిలిచి, ఒక్కొక్క దారినే అమర్చి, తెరమీద కనబడినదియు నేలమీద ఉన్నదియు ఒకటేనా యని సరిచూడవలెను. పిదప అమరగూడని దారులను కూడ కోరి చూచి, అవి అమరకుండుటను నిశ్చయించుకొనవలెను. ఇదంతయు పూర్తియై, పుస్తకములో ఇద్దరి సంతకములు పడువరకు, వచ్చు బండ్లు వ్రాతమూలమైన అనుమతితో, పాయింట్లకు చేతితాళములు బిగించి, మెల్లగా నడువవలెను. అట్టి దినమున బండి గంట ఆలస్యముగా వచ్చినచో, ఆ గంట ఈ పనికి చెల్లినదని తెలిసికొనవచ్చును.